ఎనిమిది సెన్సార్ల రోబో కిట్: బండి మంచిదే, కళ్ళే తేడా

గోడలు ఎలా తప్పించుకోవాలో నేను చెప్పకుండా రోబో తనే నేర్చుకోవాలి, అదీ నా పిచ్చి. అందుకే ఆన్‌లైన్‌లో ఒక చిన్న షాపు నుంచి రెండు చక్రాల కిట్ తెప్పించాను, చుట్టూ 8 ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు (కంటికి కనపడని కాంతి వదిలి, తిరిగొచ్చినదాన్ని బట్టి అడ్డం ఉందో లేదో చెప్పేవి). 1994లో స్విట్జర్లాండ్‌లో ఫ్లోరెయానో, మొండాడా అనే పరిశోధకులు అరచేతిలో పట్టే ఖెపెరా రోబో మీద చేసిందే ఇది: 80 న్యూరల్ నెట్‌వర్క్‌లు (సెన్సార్ల రీడింగుల్ని బట్టి చక్రాల్ని నడిపే చిన్న ప్రోగ్రాములు), ఒక్కోదాన్నీ రోబోలో నడిపి మార్కులిచ్చి, ఎక్కువ మార్కులొచ్చినవాటిని కలిపి, అక్కడక్కడా మార్చి, మళ్ళీ పరీక్ష, ఒక్కో తరానికి, అంటే ఇలాంటి ఒక్కో రౌండుకి, దాదాపు 40 నిమిషాలు. అంత ఓపిక నాకెక్కడిది! కంప్యూటర్‌లోనే రోబోని నడిపించే వెబాట్స్ సిమ్యులేటర్ ఉచితమే కదా, అందులో రాత్రంతా నడిపించాను.

మొదట చక్రాల వేగానికే మార్కులిచ్చా. పొద్దున చూస్తే మహానుభావుడు ఉన్నచోటే బొంగరంలా తిరుగుతున్నాడు. తప్పు నాదే. తిన్నగా వెళ్తేనే, గోడకి దూరంగా ఉంటేనే మార్కులన్నాక దారికొచ్చాడు.

అసలు గొడవ అలా నేర్చుకున్న నెట్‌వర్క్‌ని కిట్‌లోకి ఎక్కించాకే. సిమ్యులేటర్‌లో సెన్సార్లన్నీ ఒకేలా పనిచేస్తాయి, ఇక్కడేమో ఎడమవైపుది ఒకటి ఖాళీ హాల్లో కూడా గోడ ఉందంటుంది. సిమ్యులేటర్ రీడింగుల్లో కావాలనే కాస్త తప్పులు కలిపి మళ్ళీ మొదటి తరం నుంచి నడిపితే, బీరువా, మంచం కోళ్ళు తప్పించుకున్నాడు గానీ నల్ల చెప్పులు మాత్రం వాడికి ఇప్పటికీ కనపడవు, నలుపు ఆ కాంతిని మింగేస్తుంది మరి. షాపువాళ్ళు సెన్సార్ మార్చారు, కొరియర్ డబ్బులు మాత్రం నావే. బ్యాటరీ గంట కూడా రాదు. 5కి 3.