మోటార్‌హోమ్‌లో మొండికేసిన లైట్లు: ఎల్ఈడీకి మార్చి చాలాకాలం వాడాక నా సమీక్ష

మా మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి) లోపలి లైట్లన్నీ పాత ఫిలమెంట్, హాలోజెన్, చిన్న ట్యూబులైట్ల రకం. ఒక్కొక్కటిగా అన్నిటినీ ఎల్ఈడీకి మార్చేసి, వాటితోనే ఎండలూ చలీ గతుకుల రోడ్లూ చూశాక రాస్తున్నాను. ఎల్ఈడీ బల్బు కొనడం ఈ పనిలో చిన్న భాగం. పాత ఫిట్టింగును పగలకుండా విప్పడం, లోపలున్న హోల్డరు ఇంకా పనికొస్తుందో లేదో తేల్చుకోవడం, ఇదే అసలు పని. నన్ను ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టింది బల్బుల కంటే హోల్డర్లే.

మార్చడం దండగేమో అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. మోటార్‌హోముల్లో ఎక్కువగా కనిపించే 1141 బయోనెట్ బల్బు (నొక్కి తిప్పి బిగించేది) గానీ, 921 వెడ్జ్ బల్బు (నేరుగా గుచ్చేది) గానీ ఒక్కోటి దాదాపు 1.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే సుమారు 18 వాట్లు. అలాంటివి పది వెలిగిస్తే 14 ఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకపోవడం మంచిది కాబట్టి, ఒక్క లైట్లతోనే మూడున్నర గంటల్లో ఆ సగం ఖాళీ. దాదాపు అంతే వెలుగిచ్చే 3 వాట్ల ఎల్ఈడీలు పదీ కలిపి రెండున్నర ఆంపియర్లు దాటవు. అదే బ్యాటరీ ఇరవై గంటలు వస్తుంది. వేడి సంగతి దీనికి అదనం. మంచం పైనున్న పాత లైటు కాసేపు వెలిగాక దాని కవరు మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం, ఇప్పుడు ఎంతసేపు వెలిగినా గోరువెచ్చగా ఉంటుంది.

ఆ వేడే పాత కవర్లను పాడుచేసింది. ఏళ్ల తరబడి వేడికీ కిటికీలోంచి వచ్చే ఎండకీ ప్లాస్టిక్ పచ్చబడి, కోడిగుడ్డు పెంకులా పెళుసెక్కిపోతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క తిప్పు తిప్పారంటే పట్టుకునే చెవులు ఊడి చేతికొస్తాయి. పాత మోడళ్లకు విడి కవర్లు దొరకడం కష్టం. పొయ్యి పైనున్న ఫిట్టింగు మాకు అన్నిటికన్నా మొండిది. వంట జిడ్డు, దుమ్ము కలిసి కవరు అంచు చుట్టూ జిగురులా పట్టేశాయి. ముందు సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అంచంతా తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పెట్టి కవరు పొడవునా నెమ్మదిగా ఆడించాను. ప్లాస్టిక్ కాస్త మెత్తబడ్డాక, కార్ల డోర్ ప్యానెళ్లు విప్పే నైలాన్ పట్టీని సన్నగా దూర్చి, ఒకేచోట లేపకుండా అంచు వెంట కొంచెం కొంచెం జరుపుతూ వెళ్లాను. చెవులు చాలా ఫిట్టింగులకు పొడుగు వైపున ఉంటాయి. అందుకే పొట్టి వైపు నుంచి మొదలుపెడితే విరిగే అవకాశం తక్కువ. చివరికి టప్‌మని ఒక చిన్న చప్పుడుతో కవరు చెక్కుచెదరకుండా దిగింది. ఆ కవరే ఇప్పటికీ వాడుతున్నాం.

కవరు దిగాక స్క్రూలు కనిపిస్తాయి. ఇక్కడ బిట్ సరైనది కావాలి. అమెరికా తయారీ బండ్లలో చదరపు తల ఉన్న రాబర్ట్‌సన్ స్క్రూలు మామూలే. యూరప్ బండ్లలో ప్లస్ ఆకారంలో కనిపించేవి చాలావరకు పోజిడ్రైవ్. వాటిలో మామూలు ప్లస్ బిట్, అంటే ఫిలిప్స్, పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని విప్పడం నరకం. సీలింగులో ఉండేది పల్చటి ప్లైవుడ్, వెనక ఫోమ్. పాత రంధ్రంలో స్క్రూ పట్టు పోయి ఉంటే చెక్క పుల్లను జిగురులో ముంచి దూర్చి, ఆరాక అంచు కోసేసి మళ్లీ బిగించాను. గతుకుల్లో కూడా ఆ పట్టు వదల్లేదు. స్క్రూలే లేని సన్నటి స్ట్రిప్ లైట్లయితే రెండు వైపులా అతుక్కునే టేపు మీద నిలబడతాయి. వాటికి కూడా కాస్త వేడి చూపించి, వెనక నుంచి చేపలు పట్టే నైలాన్ దారంతో రంపంలా కోస్తే గోడ పై పొర చిరగకుండా వస్తాయి.

ఏది ముట్టుకునేముందైనా కరెంటు తీసేయాలి. మోటార్‌హోమ్‌లో అది ఒక్క చోటి నుంచే రాదు. బ్యాటరీ, బయటి సప్లై మీద నడిచే ఛార్జరు, పైకప్పు మీది సోలార్, ఈ మూడూ ఆపాలి. 12 వోల్టులు షాక్ కొట్టదు కదా అని కొందరు అలాగే పని చేస్తారు. కానీ రెండు వైర్లు తాకితే మంట పుట్టడానికి బ్యాటరీలో ఉన్న శక్తి చాలు. వైర్ల రంగును కూడా నమ్మొద్దు. అమెరికా బండ్లలో 12 వోల్టుల నెగటివ్ తరచూ తెలుపు, పాజిటివ్ నలుపు. ఇంకోచోట ఎరుపు, నలుపు ఉంటాయి. మల్టీమీటర్ పెట్టి చూసుకుంటే టెన్షన్ ఉండదు. పైగా సీలింగులోంచి వచ్చే వైరు చాలా చోట్ల బెత్తెడు కూడా మిగలదు. పాత ఫిట్టింగు నుంచి విప్పేముందే దాన్ని టేపుతో సీలింగుకు అంటించకపోతే లోపలికి జారిపోతుంది. కొత్త అతుకులకు వాగో లివర్ కనెక్టర్లు (చిన్న మీటతో వైరును పట్టి బిగించేవి) వాడాను. పొట్టి వైరుకు ఇంతకన్నా సుఖమైనది లేదు, ఇన్నాళ్ల కుదుపులకు ఒక్కటీ వదులవలేదు.

ఇక బయోనెట్ బల్బులు. లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే రావాలి. తేమ చేరిన హోల్డర్లలో బల్బు ఇత్తడి మూతికీ హోల్డరుకీ మధ్య ఆకుపచ్చ చిలుము పట్టి, రెండూ ఒకటైపోతాయి. బాత్రూమ్‌లో సరిగ్గా అదే జరిగింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి కాసేపు వదిలేసి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, బల్బుకు మందపాటి గుడ్డ చుట్టి ముందుకీ వెనక్కీ చిన్నగా ఆడిస్తూ వదిలించాను. గాజు ఊడిపోయి మూతి లోపలే మిగిలిపోయినా గాబరా అక్కర్లేదు. కరెంటు ఆపే ఉంది కాబట్టి ముక్కు పట్టకారుతో ఆ మూతిని పట్టి తిప్పితే వచ్చేస్తుంది. కానీ ఇంత పోరాడి బల్బు తీసిన హోల్డరులో కొత్త ఎల్ఈడీ పెట్టకండి అనేది నా గట్టి సలహా.

ఎందుకంటే ఫిలమెంట్ బల్బు తీగ వేడెక్కి వెలుగుతుంది. కాంటాక్టు ఒక క్షణం తెగినా ఆ తీగ వెంటనే చల్లారదు, కాబట్టి కంటికి ఏమీ తెలియదు. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. కాంటాక్టు తెగిన క్షణమే ఆరి, తగిలిన క్షణమే వెలుగుతుంది. పాత బల్బుతో బాగానే ఉన్న హోల్డరు ఎల్ఈడీ పెట్టగానే మిణుకుమిణుకుమంటే, తప్పు బల్బుది కాదు. అల్మారాల కింద ఉండే, రెండు పిన్నులు గుచ్చే జీ4 హాలోజెన్ హోల్డర్లలో ఇది మరీ ఎక్కువ. 20 వాట్ల వేడికి లోపలి స్ప్రింగు పట్టు పోయి ఉంటుంది. పిన్నులు పట్టీపట్టనట్టుంటే హోల్డరు కూడా మార్చేయండి. పెద్ద ఖర్చేం కాదు. రెండు మూతులూ స్ప్రింగుల మధ్య కూర్చునే ఫెస్టూన్ బల్బులకు మాత్రం స్ప్రింగు రేకులను చేత్తో కాస్త లోపలికి వంచితే చాలు. కొనేముందు పొడవు కొలవాలి. 36, 39, 42 మిల్లీమీటర్లు పక్కపక్కన పెట్టకపోతే ఒకేలా కనిపిస్తాయి.

ఇంకొక సంగతి, చాలామంది బల్బు పాడైందనుకుని వాపసు ఇచ్చేది దీనివల్లే. ఫిలమెంటుకు ప్లస్ మైనస్ తేడా లేదు, చాలా ఎల్ఈడీలకు ఉంది. వెడ్జ్ బల్బు వెలగకపోతే తీసి తిప్పి పెడితే సరి. బయోనెట్‌ను అలా తిప్పలేం, కాబట్టి హోల్డరు వైర్లు అటూ ఇటూ మార్చాలి.

బల్బుల విషయానికొస్తే, చౌక రకాలు ఎక్కువకాలం నిలవలేదు. వాటిలో కరెంటును అదుపులో ఉంచే డ్రైవర్ సర్క్యూట్ ఉండదు, ఒక రెసిస్టర్ మాత్రమే ఉంటుంది. మూడు ఎల్ఈడీలు వరుసగా ఉంటే అవి దాదాపు 9 వోల్టులు తీసుకుంటాయి, మిగతాది రెసిస్టర్ మీద పడుతుంది. బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉంటే అది 3 వోల్టులు. ఛార్జింగులో 14.4కి చేరితే 5.4. అంటే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. బయటి సప్లై పెట్టగానే లైట్లు తళుక్కున ప్రకాశించడం బాగానే కనిపిస్తుంది గానీ, వాటి ఆయుష్షు కరిగేది అప్పుడే. మా బండిలో మసకబారినవి, సగం చుక్కలు ఆరిపోయినవి అన్నీ ఆ రకమే. 10 నుంచి 30 వోల్టులు అని రాసి ఉన్నవి, లోపల స్థిరమైన కరెంటు ఇచ్చే డ్రైవర్ ఉన్నవి ఇంకా మొదటి రోజులాగే వెలుగుతున్నాయి. రెట్టింపు ధర పెట్టినా వీటినే కొంటాను.

వీటిలో ఒక లోపం చెప్పి తీరాలి. ఆ డ్రైవర్ చాలా వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేస్తుంది కాబట్టి రేడియోలో గరగర తెస్తుంది. డ్రైవర్ సీటు వెనక లైటు వేస్తే దూరపు ఎఫ్‌ఎం స్టేషన్ పోయేది. వైర్లకు ఫెరైట్ రింగు (ఇలాంటి గరగరను అణిచే అయస్కాంత పదార్థపు రింగు) తొడిగితే చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. టీవీ యాంటెన్నా బూస్టరు దగ్గర్లో లైటు ఉంటే, బిగించేముందే ఒకసారి వెలిగించి చూసుకోండి.

రంగు ఇష్టాన్ని బట్టి ఉంటుంది గానీ, మంచం, సోఫా దగ్గర 2700 నుంచి 3000 కెల్విన్ వెచ్చని వెలుగు, పొయ్యి దగ్గర 4000 మాకు బాగా నప్పాయి. ఇంత చిన్న గదిలో 6000 తెల్లదనం రాత్రిపూట కళ్లకు గుచ్చుకుంటుంది. రంగులు సరిగ్గా కనిపించాలంటే సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినవి తీసుకోవాలి. కూరగాయలు కోసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ తృప్తినిచ్చింది మాత్రం 8 వాట్ల జంట ట్యూబుల ఫిట్టింగును మార్చడం. చలికి వెలగడానికి తడబడేది, ట్యూబును వెలిగించే బ్యాలస్ట్ సర్క్యూట్ సన్నగా కూతపెట్టేది. బ్యాలస్ట్‌ను పూర్తిగా తీసేసి, 12 వోల్టుల వైర్లను నేరుగా ఎల్ఈడీ ప్లేటుకు ఇచ్చాను. బ్యాలస్ట్ అవుట్‌పుట్ వైపు వోల్టేజీ చాలా ఎక్కువ కాబట్టి ఎల్ఈడీని పొరపాటున కూడా అటు కలపకూడదు. పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. వాటిని పగలనివ్వకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి.

బాత్రూమ్ ఫిట్టింగును చివరికి మొత్తంగా మార్చేశాను. అంచు చుట్టూ రబ్బరు గాస్కెట్ ఉన్నది తీసుకుని, కాంటాక్టులకు తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా రాసి బిగించాను. మొన్న విప్పి చూస్తే లోపల చెమ్మ లేదు, చిలుము లేదు. హోల్డర్లు ఇంకా గట్టిగా ఉన్న మిగతా ఫిట్టింగులకు కూడా ఆ గ్రీజే రాస్తున్నాను.