అమ్మమ్మ పేరు మీద అన్నదానం: ఏ సేవ ఎలా ఉంది?

పోయినవాళ్ల పేరు మీద అన్నదానం చేయించడానికి ఇప్పుడు ఊరు దాటనక్కర్లేదు, ఫోన్‌లోనే కుదిరిపోతుంది. కాకపోతే బుకింగులన్నీ ఇంగ్లీషు తేదీ అడుగుతాయి, ఆబ్దికమేమో తిథికి వస్తుంది. తిథి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తూ, అధికమాసం పడిన ఏడు ఒక్కసారిగా 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ తర్వాతి మాసాల్లో తిథి ఉన్నవాళ్లు నిరుటి తేదీని చూసి బుక్ చేస్తే తప్పుతారు. ఇంకో తిరకాసు కూడా ఉంది. గోడ క్యాలెండర్ చూపేది సూర్యోదయానికి ఉన్న తిథి. శ్రాద్ధానికి చూసేది అపరాహ్ణంలో ఉన్న తిథి, అంటే దాదాపు మధ్యాహ్నం 1.10 నుంచి 3.35 లోపు. రెంటికీ ఒక రోజు తేడా రావడం మామూలే. డబ్బు కట్టేముందు పురోహితుడికి ఒక ఫోన్ చేయండి. అమెరికాలో ఉన్నవాళ్లకు అక్కడి పంచాంగం ప్రకారం తిథి ముందురోజే రావచ్చు. ఇండియాలో భోజనం పెట్టించేది ఏ రోజో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందే అనుకోకపోతే ఇద్దరు రెండు రోజులు బుక్ చేసి కూర్చుంటారు.

ఇక సేవల సంగతి. తిరుమల శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టుతో మొదలుపెడదాం. 1985లో ఎన్టీ రామారావు హయాంలో మొదలైన నిత్యాన్నదానం ఇది. తరిగొండ వెంగమాంబ పేరిట 2011లో పెద్ద భవనం వచ్చింది. ఒక రోజంతటికీ దాతగా నిలవాలంటే రూ.44 లక్షలు. పూటల వారీగా అయితే పొద్దున టిఫినుకు 10 లక్షలు, మధ్యాహ్నానికి 17, రాత్రికి 17. అలా ఇచ్చినవాళ్ల పేరు ఆ రోజు భవనంలో ప్రదర్శిస్తారు. మనలో చాలామంది ఇచ్చేది వెయ్యీ, పదివేలూ. ఆ సొమ్ము బ్యాంకు డిపాజిట్లలో చేరి, దాని వడ్డీతో వంట సాగుతుంది. కాబట్టి ‘అమ్మమ్మ తద్దినం రోజున ఇంతమంది తిన్నారు’ అని లెక్క చెప్పే వీలుండదు. అన్నం ఏ లోటూ లేకుండా అందుతుంది, నిర్వహణకు వంక పెట్టలేం. అయితే మనిషి జ్ఞాపకం ఆ సముద్రంలో ఒక చుక్క. అది చాలనుకునేవాళ్లకు ఇంతకన్నా నిశ్చింత అయిన చోటు లేదు.

ఆంధ్రలో 2024 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లకూ విరాళాలు తీసుకుంటున్నారు. 5 రూపాయలకు తినేది కూలీలు, ఆటోవాళ్లు, ఆస్పత్రి పనిమీద ఊరొచ్చినవాళ్లు. మెనూ మన చేతిలో లేదు. అమ్మమ్మకు గుత్తివంకాయ ఇష్టమని ఇక్కడ చెప్పి లాభం లేదు.

ఆ మాట చెల్లేది మూడో చోట, ఊళ్లోని వృద్ధాశ్రమంలో. మా ఓటు దీనికే. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ‘ఒక పూట భోజనం ఎంత?’ అని అడిగి జీపే కొట్టేసేవాళ్లే ఎక్కువ. అంతకుముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఆ రోజుకు మొత్తం ఎంతమంది ఉంటారు, వాళ్లలో షుగరు ఎంతమందికి, పళ్లు లేనివాళ్లు ఎంతమంది, ఆ పూట ఇంకెవరైనా ఇస్తున్నారా. ఆదివారాలు, జనవరి 1, మహాలయ పక్షం రోజుల్లో ఒకే మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురు దాతలు పోటీ పడతారు. రాత్రి భోజనాన్ని అడిగే నాథుడుండడు. తిథి రోజే అయినా రాత్రి పూట తీసుకోండి, లేదా ఆ డబ్బుకు పెద్దవాళ్ల డైపర్లు, గ్యాస్ బండ ఇప్పించండి. ఆశ్రమం నడిపేవాళ్లను అడిగితే నెలాఖరుకు నిజంగా కరువయ్యేవి అవే.

వంట వాళ్ల వంటింట్లోనే చేయించడం మేలు. కేటరింగ్‌వాళ్లు పొద్దున తొమ్మిదికి వండింది ఒంటిగంటకు వడ్డిస్తే అన్నం గడ్డ కడుతుంది, పప్పు ముద్దవుతుంది, కొబ్బరి పచ్చడి పులిసిపోతుంది. బయటినుంచి తేక తప్పదంటే పులిహోర తెండి, చింతపండు పులుపుకి అది నిలుస్తుంది. పెరుగన్నంలో మాత్రం పాలు ఎక్కువగా, పెరుగు రెండు గరిటెలు మాత్రమే కలపాలి, లేకపోతే వడ్డించే వేళకు నోట్లో పెట్టుకోలేరు. యాభైమంది పెద్దవాళ్లకు 5 కిలోల బియ్యం, కిలోంపావు కందిపప్పు, 5 కిలోల కూరగాయలు, 6 లీటర్ల పెరుగు సరిపోతాయి. పెళ్లి లెక్కన మనిషికి 120 గ్రాముల బియ్యం వేస్తే మిగిలిపోతుంది. అమ్మమ్మకు ఇష్టమైన వంకాయ పెట్టొచ్చు, కానీ మెత్తగా మగ్గాలి, కారం సగానికి తగ్గాలి. స్వీటు బదులు అరటిపండు అంటే కొందరు చిన్నబుచ్చుకుంటారు. అందుకని సేమ్యా పాయసం చిన్న గ్లాసులో ఇచ్చి, షుగరున్నవాళ్లకు ఇవ్వాలో వద్దో అక్కడి నర్సుకే వదిలేయండి.

అనాథ పిల్లల హోమ్‌లో పెట్టించేవాళ్లకు ఒక హెచ్చరిక. పళ్లేలు పట్టుకున్న పిల్లల్ని వరసలో నిలబెట్టి, దండ వేసిన ఫొటో పక్కన సెల్ఫీలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, చూడ్డానికే బాగోదు.

డబ్బు, రసీదుల దగ్గర కొన్ని తప్పులు జరుగుతాయి. పోయినావిడ పేరు మీద రసీదు రాయించుకుంటే విరాళానికి వచ్చే ఆదాయపు పన్ను రాయితీ (80జీ అంటుంటారు) రాదు. రసీదు, పాన్ డబ్బు ఇచ్చినవాళ్లవి ఉండాలి, ఆవిడ పేరు ‘జ్ఞాపకార్థం’ అన్న మాటతో కింద రావాలి. 2,000 దాటిన నగదుకు రాయితీ లేదు, బియ్యం బస్తాలకూ లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు అసలు ఆశ పెట్టుకోకూడదు. నిర్వాహకుడి సొంత నంబరుకు డబ్బు పంపమంటే ఆగండి, ట్రస్టు ఖాతా అడగండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవలు, ఓసీఐ కార్డున్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థకే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దానికున్న ఖాతాకే పంపాలి. ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ గొడవ లేదు. తేడా తెలియక పంపితే ఇబ్బంది పడేది ఆశ్రమమే.

భోజనాలయ్యాక బంధువులు చెప్పుకునే కబుర్లు గాలికి పోకుండా చిన్న స్మారక పుస్తకం వేయించేవాళ్లు పెరిగారు. డీటీపీ షాపువాళ్లు బాగానే చేస్తారు, మనం ఇచ్చే సరుకే సరిగా ఉండదు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుంచించుకుపోయి పేజీ నిండా వేసినప్పుడు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపించమనండి. పాత నలుపు తెలుపు ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నదాన్ని పీకొద్దు, అద్దం మీంచే ఫొటో తీయాలి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి కాబట్టి 16 కానీ 20 కానీ అనుకోండి, 18 కుదరదు. ఫోన్‌లో టైపు చేసిన తెలుగు యూనికోడ్ అనే పద్ధతిలో ఉంటుంది. షాపులో ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లతో పనిచేస్తుంటే దాన్ని మార్చాల్సి వస్తుంది, ఆ మార్పులోనే ఒత్తులు ఎగిరిపోతాయి. ‘అత్తయ్య’ ‘అతయ్య’ అయిన పుస్తకాలు కొల్లలు. ప్రూఫు స్క్రీన్ మీద చూసి సరే అనొద్దు. కాగితం మీద తీసి, ఇంట్లో తెలుగు బాగా చదివే పెద్దవాళ్ల చేతిలో పెట్టండి.

కబుర్లు రాసివ్వమంటే అందరూ ‘చాలా మంచి మనిషి’ అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. ఊరగాయ ఏ జాడీలో పెట్టేది, ఎవరిని ఏ ముద్దుపేరుతో పిలిచేది, కోపమొస్తే ఏమనేది అని విడివిడిగా అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. మనిషికి ఇరవై నిమిషాలు చాలు. ఇక వెనక అట్ట లోపలివైపు సంవత్సరం, మాసం, పక్షం, తిథి తెలుగులో అచ్చు వేయించండి. వచ్చే ఏడు బుకింగుకు తేదీ వెతుక్కునేవాళ్లకు తిథి అక్కడ దొరుకుతుంది.