బెర్నాట్ వివాంకోస్ ‘రెక్వియం’ సీడీ

నాన్న పోయిన ఏడాదే ఈ సీడీ కొన్నాను. రెక్వియం అంటే చనిపోయినవాళ్ల కోసం చర్చిలో పాడే ప్రార్థనా సంగీతం. దీన్ని స్వరపరిచిన వివాంకోస్ 1973లో బార్సిలోనాలో పుట్టారు. చిన్నప్పుడు మోంత్‌సెరాత్ మఠం బాలుర బృందంలో పాడారు. పారిస్‌లో, ఓస్లోలో చదువుకుని, 2007లో అదే బృందానికి దర్శకుడయ్యారు. రాతి చర్చిలో స్వరం ఎంతసేపు నిలుస్తుందో చిన్నప్పటి నుంచీ విన్న మనిషి ఆయన. అది ప్రతి ట్రాక్‌లోనూ తెలుస్తుంది. లాత్వియన్ రేడియో క్వయర్ అనే గాయక బృందం పాడుతుంటే ఒక స్వరం ఆగకముందే ఇంకోటి మెల్లగా వచ్చి దాని మీద వాలుతుంది. చావు గురించిన సంగీతమే అయినా నాకు భయం వేయలేదు, గుండె తేలికపడింది.

సీడీ తెచ్చిన నెవ్ రికార్డ్స్ (Neu Records) వాళ్ల రికార్డింగ్ చాలా బాగుంది. దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినకండి, సగం పోతుంది. నిడివి ఎక్కువే, నేను రెండు రాత్రులు విన్నాను. ఒక్క మాట అర్థం కాకపోయినా అమ్మ నా పక్క నుంచి లేవలేదు.