ఫార్చ్యూనర్‌కి బిల్‌స్టైన్ బి6 షాకబ్జర్లు వేయించి మూడేళ్లు, 46 వేల కిలోమీటర్లు

షాకబ్జర్లు పోయాయని మొదట కనిపెట్టింది మా అమ్మ, ఆ పేరు తెలియకుండానే. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి అడవిలోకి వచ్చాక, వెనక సీట్లోంచి "గుంత దాటి ఇంతసేపైంది, ఇంకా ఎందుకురా ఊగుతోంది, కడుపులో తిప్పుతోంది" అంది. నడిపేవాడికి మలుపు ముందే తెలుస్తుంది, ఒళ్లు సర్దుకుంటుంది, కాబట్టి నాకు అంతవరకు పెద్ద తేడా అనిపించలేదు. బండి 2017 డీజిల్ ఫోర్ బై ఫోర్, అప్పటికి 1,04,000 తిరిగింది, షాకులు బండితో వచ్చినవే. ఖాళీగానే రెండు టన్నుల పైమాట, అంత బరువు మోస్తూ లక్ష దాటాక అరిగాయంటే బండిని తప్పుపట్టడానికేం లేదు.

డబ్బులు పెట్టే ముందు ఒక పని చేశాను, మీరూ చేయండి. టైర్లలో గాలి చూపించాను. బంకులో కుర్రాడు అడక్కుండానే 40 కొట్టేస్తుంటాడు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతకు దించితే సగం కుదుపులు ఆ రోజే పోయాయి. ఊగుడు మాత్రం అలాగే ఉంది. ఈ రెండూ వేరని అప్పుడు అర్థమైంది.

సికింద్రాబాద్ రాణీగంజ్ దగ్గర నాకు తెలిసిన మెకానిక్ భాయ్ బండి లేపి చూపించాడు. ముందు కుడివైపు షాక్ మీద నూనె కారి, దానికి దుమ్ము పట్టి, పెనం అడుగున మాడులా పేరుకుపోయింది. గోరుతో గీకితే పొరలుగా వచ్చింది. విప్పాక షాక్‌లోంచి బయటికొచ్చే రాడ్‌ని అరచేత్తో నొక్కమన్నాడు. కొంతదూరం సైకిల్ పంపులా ఉత్తినే జారిపోయి, ఆ తర్వాత పట్టుకుంది. లోపల నూనె తగ్గితే అంతే.

ఇక ఏది వేయించాలన్నదాని మీద ఇంట్లో పెద్ద గొడవ. మా బావమరిదిది ఒకటే పాట, "బావా, ఎలాగూ విప్పుతున్నాం కదా, రెండించీలు లేపేద్దాం, లుక్ వస్తుంది" అని. నేను వద్దన్నాను. ఎత్తు పెరిగితే మలుపులో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది, ముందు చక్రాల యాంగిల్స్ మారిపోతాయి, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఎప్పుడూ వంకరగానే తిరుగుతుంటాయి. నేను వారానికి నాలుగు రోజులు ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్) మీద తిరిగేవాణ్ని, నదులు దాటేవాణ్ని కాదు. ఇంకో సంగతి, బరువు మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగుడిని ఆపేది షాక్. వెనక బండి కూలబడితే షాకులు మార్చి లాభం లేదు. నా స్ప్రింగులు బాగానే ఉన్నాయి, వాటినే ఉంచేశాను.

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు చూశాను. కేవైబీ ఎక్సెల్-జీ, ఓల్డ్ మ్యాన్ ఎమూ నైట్రోచార్జర్ లాంటివి ట్విన్ ట్యూబ్, అంటే గొట్టంలో గొట్టం. పైన రాయి తగిలి సొట్టపడినా లోపలి గొట్టానికి ఏమీ కాదు. కానీ వీటిలో నూనె, గ్యాస్ ఒకే చోట ఉంటాయి, గతుకుల్లో గంటలకొద్దీ కొడితే వేడెక్కి నురగ వస్తుంది, పట్టు తగ్గుతుంది. రెండోది ఫోమ్ సెల్, గ్యాస్ బదులు ఫోమ్ పెట్టి ఆ నురగ తగ్గిస్తారు. బాగా లోడేసుకుని మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లకు అది బాగుంటుంది. మూడోది మోనోట్యూబ్, ఒకటే గొట్టం, నూనెకీ గ్యాస్‌కీ మధ్య కదిలే పిస్టన్ ఉంటుంది కాబట్టి రెండూ కలవవు, వేడి కూడా తొందరగా బయటికి పోతుంది. బి6 ఈ రకం, పైగా కంపెనీ ఎత్తు స్ప్రింగులకే చేసింది. అదే తీసుకున్నాను. నాలుగింటికీ అయిన ఖర్చు మంచి సెకండ్‌హ్యాండ్ బైక్ ధర. డబ్బా తెరిచి కట్టిన పట్టీ కోయగానే రాడ్ తనంతట తానే బలంగా పైకి లేచింది, భాయ్ "చెయ్యి తీయండి సార్" అని ఒక్క అరుపు అరిచాడు.

ఫిట్టింగ్ మాత్రం వేరే వర్క్‌షాప్‌లో, లిఫ్ట్ ఉందని చేయించాను, అక్కడే దెబ్బతిన్నాను. వారంలోనే ముందు చక్రాల వైపు నుంచి కిర్రుకిర్రు. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే షాక్ కింది బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు) బోల్టులు బిగించేశారు. అలా చేస్తే బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి ఎప్పటికీ లాగుతూనే ఉంటుంది. బోల్టులు వదులు చేసి, బండి నేల మీద నిలబెట్టి మళ్లీ బిగిస్తే చప్పుడు పోయింది. మీరు దగ్గరుండి చూసుకోండి. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇప్పుడు ఎలా ఉందంటే, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీద జాయింట్లు ఒక్కోటీ "టప్" అని తగిలి అక్కడితో అయిపోతాయి. ఇదివరకు ఒకదాని ఊగుడు తగ్గేలోపే ఇంకోటి వచ్చేది. ఓఆర్‌ఆర్‌లో 110 మీద లేన్ మారితే వెనకభాగం ఆలస్యంగా తోక ఊపినట్టు వచ్చేది, ఇప్పుడు అది లేదు. బ్రేక్ వేస్తే ముక్కు అంతగా దిగదు. దోమలపెంట దాటాక ఘాట్‌లో తేడా బాగా తెలుస్తుంది. మొన్న ఆ దారిలో అమ్మ పడుకునిపోయింది.

అయితే మెత్తగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రాడ్ నెమ్మదిగా కదిలేటప్పుడు ఇవి గట్టిగా పట్టుకుంటాయి, అందుకే మలుపులో ఒరుగుడు తగ్గింది. అందుకే మా కాలనీలో తవ్వి పూడ్చిన ప్యాచ్‌లన్నీ నడుముకి లెక్క తెలుస్తాయి. పెద్ద గుంతలో 40 మీద పడితే రాడ్ ఒక్కసారిగా కదులుతుంది, అప్పుడు వదులుతాయి, దెబ్బ మొద్దుగా తగులుతుంది. సిటీలో మాత్రమే, ఒక్కరే, 30 మీద తిరిగేవాళ్లయితే మంచి ట్విన్ ట్యూబ్ చాలు, డబ్బులూ మిగులుతాయి. కంకర రోడ్లు ఎక్కువైతే ఇంకో జాగ్రత్త, మోనోట్యూబ్‌లో పిస్టన్ ఉన్న ఆ ఒక్క గొట్టానికే ఆనుకుని తిరుగుతుంది, గట్టి సొట్ట పడితే పని అయిపోయినట్టే.

పోయిన నెల 1,50,000 దగ్గర కింద పడుకుని చూశాను. రాడ్లు నాలుగూ పొడిగానే ఉన్నాయి, ముందు ఎడమ కింది బుష్‌లో సన్నటి పగుళ్లు మొదలయ్యాయి. అదొక్కటే మార్పిస్తాను.

మూడో వరుస సంగతి అడుగుతారేమో, అక్కడ కుదుపు పెద్దగా తగ్గలేదు. ఆ సీటు దాదాపు వెనక యాక్సిల్ మీదే ఉంటుంది, ఆ యాక్సిల్ ఒకే ముక్క, ఒక చక్రం లేస్తే రెండోదీ కదులుతుంది. షాకులేం చేస్తాయి. ఊరెళ్లేటప్పుడు అక్కడ బావమరిదిని కూర్చోబెడుతున్నాను.