పాత అక్వేరియానికి కొత్త సిలికాన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లోని మూడడుగుల అక్వేరియాన్ని హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకరి దగ్గర 1,500 రూపాయలకు తీసుకున్నాను. అద్దం 8 మి.మీ. మందం, ఎక్కడా బీట లేదు. అయితే లోపలి మూలల్లో నీళ్లు కారకుండా పూసే సిలికాన్ జిగురు పసుపెక్కి, గోటితో లాగితే ఊడి వచ్చే స్థితిలో ఉంది. బోరు నీటి ఉప్పు పైభాగాన తెల్లటి పట్టీలా పేరుకుపోయింది.

తొలుత కారుతున్న ఒక్క మూలకే, పాతదాని మీదే కొత్త సిలికాన్ పూశాను. మూడో రోజుకల్లా కింద పరిచిన పేపరు తడిసింది. ఒకసారి గట్టిపడిన సిలికాన్‌కు కొత్తది సరిగ్గా అంటుకోదన్న సంగతి నాకు అప్పుడే తెలిసివచ్చింది. అద్దాల అతుకుల మధ్య బుడగలేమీ కనిపించకపోవడంతో వాటిని కదపకుండా, లోపలి మూలల సిలికానంతా బ్లేడుతో గీకేసి, మిగిలిన జిడ్డును అసిటోన్‌తో తుడిచాను. ఈ గీకుడికే రెండు ఆదివారాలు పట్టాయి. పూయడం అరగంటలో ముగిసింది. బాత్రూముల కోసం అమ్మే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ చేపలకు ప్రమాదం కనుక, ఏ మందూ కలపని అక్వేరియం సిలికాన్ వాడాను. ఆరేటప్పుడు అది వెనిగర్ వాసన వేస్తుంది. వాసన పూర్తిగా పోయేదాకా, అంటే వారం రోజులు, తొట్టిని ముట్టుకోలేదు. ఆ తర్వాత నీళ్లు నింపి, బాల్కనీలో మరో మూడు రోజులు ఉంచి చూశాను.

నిండితే సుమారు 190 లీటర్లు, అంటే నీటి బరువే 190 కిలోలు. అందుకే ఆ బరువు అంతటా సమంగా పడేలా స్టాండు మీద థర్మాకోల్ షీటు పరిచి తొట్టిని దాని మీద నిలబెట్టాను. ఈ నాలుగేళ్లలో ఒక్క చుక్క కారలేదు. ఉప్పు పట్టీ వెనిగర్‌లో తడిపిన గుడ్డను గంటసేపు అంటించి ఉంచితే చాలావరకు వదిలింది గానీ, వెలుతురు పక్కనుంచి పడినప్పుడు దాని నీడ ఇంకా కనిపిస్తుంది. నీళ్లు బోరువే కాబట్టి ఆరునెలలకోసారి మళ్లీ కొత్త పట్టీ తయారవుతుంది. ఇందులోని మోలీ చేపలకు మాత్రం ఆ గట్టి నీళ్లే బాగా పడ్డాయి.

అసంతృప్తి ఒక్కటే. కుడివైపు మూలలో మాస్కింగ్ టేపును సిలికాన్ మీద పొర కట్టకముందే తీయాల్సింది, ఆలస్యం చేశాను. అక్కడ అంచు జానెడు పొడవున లేచిపోయి, దాని కింద పాచి చేరుతోంది. అతుకు గట్టిగానే ఉంది కనుక కారదు. పాత టూత్‌బ్రష్‌తో నెలకోసారి ఆ సందును తోముతున్నాను.