మా ఏసీ కరెంటు కంపెనీ చేతిలో: మూడు వేసవుల అనుభవం

స్మార్ట్ మీటర్ల మాట వస్తే చాలు, "ఇక మన ఏసీ కరెంటోళ్లే తగ్గిస్తారంటగా" అని విజయవాడలో మా పటమటలో అడుగుతున్నారు. మీటరుతో ఇంటికి మొత్తం సప్లై ఆపొచ్చు గానీ, ఏసీలో డిగ్రీలు మార్చడం దాని పని కాదు. అది వేరే పథకం. డల్లాస్ దగ్గర ఉన్నప్పుడు మూడు వేసవులు వాడాను కాబట్టి చెబుతున్నాను.

అక్కడ ఇల్లంతటికీ ఒకటే ఏసీ, దాని చల్లదనం ఎంతుండాలో పెట్టుకునే వైఫై థర్మోస్టాట్ గోడకు ఉండేది. పథకంలో చేరితే, డిమాండ్ బాగా పెరిగే సాయంత్రాల్లో కంపెనీ దూరం నుంచే నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీలు పెంచుతుంది. చేరినందుకు 50 డాలర్లు, తర్వాత ఏటా 25 బిల్లులో తగ్గించారు.

మొదటి వేసవి ఆఫీసులోనే గడిచింది, నాకేం తెలియలేదు. రెండో ఏడు అమ్మ వచ్చింది. ఒకరోజు రెండున్నరకు ఫోన్: "ఏరా, ఇల్లు ఫ్రిజ్జులా ఉంది, శాలువా ఎక్కడ పెట్టావు?" ఐదింటికి మళ్లీ ఫోన్: "ఏసీ పాడైనట్టుందిరా." నేను వెళ్లేసరికి మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, టైల్స్ చల్లగా ఉంటాయని వంటగదిలో కింద కూర్చుని ఉంది. మేం మామూలుగా పెట్టుకునేది 76 ఫారెన్‌హీట్; కంపెనీ ముందుగా ఇంటిని 72కు చల్లబరిచి, నాలుగింటికి 80కి మార్చేసింది. మెసేజ్ నా ఫోనుకొచ్చింది, మీటింగులో చూసుకోలేదు. గోడ మీద ఒక్క బటన్ నొక్కితే మామూలైపోయేది. అది అమ్మకు చెప్పకపోవడం నా తప్పే.

80 అంటే మన లెక్కలో దాదాపు 27. ఇక్కడ అమ్మ ఏసీ పెట్టుకునేదే 27లో, పైన ఫ్యాన్ తిరుగుతుంటుంది. అక్కడి హాల్లో ఫ్యాన్ లేదు, కిటికీ తీస్తే వడగాలి. స్టాండు ఫ్యాన్ ఒకటి కొన్నాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

అంత జరిగినా పథకం మానలేదు. మన దగ్గర లోడు ఎక్కువైతే ఏరియా మొత్తానికి కరెంటిచ్చే లైను, అంటే ఫీడరే ఆగిపోతుంది, పసిబిడ్డ ఉన్న ఇంటికీ తాళం వేసిన ఇంటికీ ఒకటే కోత. అందరి దగ్గరా కొంచెం కొంచెం తగ్గించి, ఎవరింట్లోనూ కరెంటు పోకుండా చూడటం నాకు న్యాయంగా తోచింది. అయితే వద్దనుకున్నప్పుడు ఆపే బటన్ మన చేతిలోనే ఉండాలి. 2022 ఆగస్టులో కొలరాడోలో ఎమర్జెన్సీ అంటూ సుమారు 22 వేల ఇళ్ల థర్మోస్టాట్లు కొన్ని గంటలు లాక్ చేశారు. ఆ వార్త చదివాక మా పథకం షరతులన్నీ మళ్లీ మొదట్నుంచీ చదువుకున్నాను.

ఇక్కడ ఇలాంటిదొస్తే చేరతాను. మెసేజ్ మాత్రం పగలు ఇంట్లో ఉండే మనిషి ఫోనుకు, తెలుగులో రావాలి.