ఉన్ని సూటులో ఉక్కపోత: ‘డెత్ ఇన్ ప్యారడైజ్’ సీరియల్ సమీక్ష

రోహిణి కార్తెను తలపించే ఎండ, కాళ్ళ కింద సముద్రపు ఇసుక. అందులో ఉన్ని సూటు, టై, చేతిలో బ్రీఫ్‌కేసుతో ఒక లండన్ ఇన్‌స్పెక్టర్ చెమటలు కక్కుకుంటూ శవం చుట్టూ తిరుగుతుంటాడు. మంచి టీ దొరకలేదని సణుగుతాడు. బీబీసీ 2011 అక్టోబరులో మొదలుపెట్టిన ‘డెత్ ఇన్ ప్యారడైజ్’ బలమంతా ఈ దృశ్యంలోనే ఉంది. దాన్ని మరిచిపోయినప్పుడల్లా సీరియల్ చప్పబడింది కూడా.

కథ జరిగే సెయింట్ మరీ ద్వీపం ఏ మ్యాపులోనూ దొరకదు. చిత్రీకరణ మాత్రం కరీబియన్‌లో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న గ్వాడెలూప్‌లో, దేశే అనే చిన్న ఊళ్ళో. పోలీస్ స్టేషన్‌గా చూపించేది అక్కడి చర్చి పక్కనున్న భవనం. సాయంత్రం కేసు తేలాక అందరూ చేరే కేథరిన్ బార్ అసలు రూపంలో ఒక రెస్టారెంటు. ఇన్‌స్పెక్టర్ గుడిసె ఉన్న బీచ్ కూడా ఆ పక్కనే. అందుకే ఊరు సెట్టింగులా అనిపించదు.

డిటెక్టివ్‌ని తెలియని చోట దింపితే రచయితకు కలిగే లాభం ప్రకృతి అందాలు కాదు. స్థానిక పోలీసు అడగని ప్రశ్న పరాయివాడు అడుగుతాడు. అతనికి చెప్పే ప్రతి వివరణా మనకూ చెప్పినట్టే. ఇంట్లో అందరికీ అలవాటైపోయిన గోడ బీట కొత్త కోడలి కంట్లో పడ్డట్టు, ద్వీపంలో అందరూ మామూలే అనుకున్నది ఇతనికి తేడాగా కనిపిస్తుంది. ఇక ద్వీపం చిన్నది, అనుమానితులు నలుగురో ఐదుగురో. స్టేషన్‌లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక తెల్లబోర్డు, సైడ్‌కార్ తగిలించిన ఒక మోటార్‌సైకిల్. పెద్ద ల్యాబ్ లేదు కాబట్టి డీఎన్‌ఏ రిపోర్టు వచ్చి కేసు తేల్చేయదు, బుర్రకే పని.

ఎపిసోడ్ నిడివి గంటకు కాస్త తక్కువ. పేర్లు పడకముందే హత్య జరిగిపోతుంది. ఆ నాలుగైదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చూడాలి, సగం ఆధారాలు అక్కడే ఉంటాయి. మొదట తేల్చుకోవాల్సింది, హత్య ఫలానా సమయానికి జరిగిందని మనం దేన్నిబట్టి నమ్మాం? తుపాకీ మోత వినిపించి, ఆ క్షణంలో అనుమానితులంతా ఒకేచోట ఉంటే, మనం విన్న మోతా ప్రాణం తీసిన మోతా ఒకటి కాకపోవచ్చు. శవం దగ్గరికి ముందు చేరిందెవరో గుర్తుపెట్టుకోండి. మిగతావాళ్ళు వచ్చేలోపు వాళ్ళకు దొరికిన అర నిమిషం చాలా పనికొస్తుంది. గది లోపల గడియ పడి ఉందంటే, దాన్ని చేత్తో లాగి చూసిందెవరు, ‘గడియ పడింది’ అని ఊరికే అన్నదెవరు? ఇక నవ్వించడానికి పెట్టినట్టు కనిపించే చిన్న వస్తువును అస్సలు వదలొద్దు. చివరి పావుగంట ముందు ఇన్‌స్పెక్టర్ మాట మధ్యలో ఆగి ఎటో చూస్తూ బిగుసుకుపోతాడు. అక్కడ పాజ్ నొక్కండి. హత్య ఎలా జరిగిందో తేల్చడానికి కావలసినవి అప్పటికి దాదాపు అన్నీ మన ముందు పెట్టేసి ఉంటారు.

ఈ ఆటలో తెలుగు ప్రేక్షకులకు ఒక సౌకర్యం ఉంది. మన సినిమాలో పేరున్న నటుడు రెండు సీన్ల పాత్రలో కనిపిస్తే చాలు, వీడే హంతకుడని హాల్లో సగం మంది తేల్చేస్తారు. ఇందులో అతిథి నటులు బ్రిటిష్ టీవీ చూసేవాళ్ళకు తెలిసిన ముఖాలు, మనలో చాలామందికి కొత్తవాళ్ళు. ముఖం చూసి పట్టేసే వీలుండదు.

లోపం ఎక్కువగా ‘ఎందుకు’ దగ్గర వస్తుంది. ‘ఎలా’ అన్నది గడియారంలా బిగిస్తారు, చంపడానికి కారణం మాత్రం తరచు ఆఖరి పది నిమిషాల్లో ఏదో పాత కాగితం రూపంలో ఊడిపడుతుంది. అందర్నీ కూర్చోబెట్టి ఇన్‌స్పెక్టర్ కథ చెబితే హంతకుడు బుద్ధిగా ఒప్పేసుకుంటాడు. ‘నా లాయర్ని పిలవండి’ అంటే సగం కేసులు కోర్టులో నిలవవు.

ఇన్‌స్పెక్టర్లు మారుతుంటారు, సీరియల్ నాణ్యతా వాళ్ళతోపాటే మారుతుంది. మొదటి రెండు సీజన్ల రిచర్డ్ పూల్ (బెన్ మిల్లర్) అందరికంటే మేలు. ద్వీపం మీద అతని చిరాకూ, వస్తువు చోటు మారితే సహించలేని గుణమూ ఒకే మనిషివి. ఆ గుణంతోనే కేసులు తేలుస్తాడు. 2014లో వచ్చిన హంఫ్రీ గుడ్‌మన్ (క్రిస్ మార్షల్) కాలికి కాలు తగిలి పడుతూ, దొరికిన చిత్తుకాగితం మీదల్లా నోట్సు రాసుకుంటూ నవ్విస్తాడు. కానీ ద్వీపాన్ని వచ్చీరాగానే ప్రేమించేస్తాడు కాబట్టి రాపిడి తగ్గింది. జాక్ మూనీ (ఆర్డల్ ఓహాన్లన్) దగ్గర అది పూర్తిగా పోయింది. మనిషి మంచివాడే, హాయిగా సర్దుకుపోతాడు, అదే చిక్కు. 2020లో ఎండా దోమలూ పడని నెవిల్ పార్కర్ (రాల్ఫ్ లిటిల్) రావడంతో మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఈ నలుగురూ తెల్లవాళ్ళే. నల్లజాతి పోలీసులున్న స్టేషన్‌కి ప్రతిసారీ బయటినుంచి ఒక తెల్ల మేధావి రావాలా అన్న విమర్శలో న్యాయం ఉంది. కమిషనర్ ప్యాటర్సన్‌గా డాన్ వారింగ్టన్ ఒక్క కనుబొమ్మ ఎగరేసి ఆ మేధావుల గాలి తీస్తుంటాడు గానీ, అది జవాబుకు సరిపోదు. 2024 క్రిస్మస్ ఎపిసోడ్‌లో మెర్విన్ విల్సన్‌గా డాన్ జిలే వచ్చాక లెక్క మారింది. చూడ్డానికి ద్వీపం మనిషిలా ఉన్నా లోపల పక్కా లండన్‌వాడు. పరాయితనం చర్మంలో కాక అలవాట్లలో ఉంటే ఎలా ఉంటుందో మొదటిసారి చూపించారు.

ఆరో సీజన్ మధ్యలో రెండు ఎపిసోడ్లకు ఆటను తిరగేశారు. ద్వీపం పోలీసులే లండన్ వెళ్ళి చలిలో వణుకుతారు. వాటిని విడిగా ముందే చూడొద్దు, ఒక పాత్ర కథ అక్కడ మలుపు తిరుగుతుంది. దీన్నుంచే పుట్టి 2023లో మొదలైన ‘బియాండ్ ప్యారడైజ్’ సీరియల్‌లో హంఫ్రీ ఇంగ్లండులోని డెవన్‌లో ఒక కల్పిత పట్నంలో కాపురం పెడతాడు. చూడ్డానికి ఇంపుగానే ఉంటుంది, కాకపోతే స్వదేశంలో ఉన్నవాడికి అడగాల్సిన ప్రశ్నలు తక్కువ, చాలా కేసుల్లో హత్య కూడా ఉండదు. ఆస్ట్రేలియాలో తీసిన మరో పిల్ల సీరియల్ ‘రిటర్న్ టు ప్యారడైజ్’ (2024) ఇంతకంటే తెలివైనది. పెళ్ళి పీటల మీద వరుణ్ణి వదిలేసి పారిపోయిన మెకెంజీ క్లార్క్ ఆరేళ్ళ తర్వాత అదే ఊళ్ళో పోలీసుగా పనిచేయాల్సి వస్తుంది. ఊరు పాతదే, ఊరివాళ్ళకే ఆమె గిట్టదు.

చూడాలనుకుంటే మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లు వరుసగా చూసి, రోజుకు ఒకటి మించకుండా సాగండి. మూడు కలిపి చూస్తే పద్ధతి అరిగిపోయినట్టు అనిపిస్తుంది. ద్వీపం యాసకు ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళు పెట్టుకోవడం మంచిది, ఒక మాట జారితే ఆధారమే జారిపోతుంది. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌కి ముందు నటుల పేర్లు గానీ సారాంశం గానీ ఎక్కడా వెతకొద్దు.